అత్త కాలు పెట్టే మెట్టు

మాది మెట్‌పల్లి దగ్గరి పల్లె. 2013లో షార్జా వచ్చాను. అప్పటి నుంచి ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక రేకుల షెడ్డు కింద, ఎత్తైన బండ్ల అడుగున పడుకుని పని. తలుపు తీయగానే కింది నుంచి ఒక మెట్టు బయటికొస్తుంది, తలుపు వేసిన కాసేపటికి లోపలికి మడుచుకుంటుంది. పవర్ స్టెప్ అంటాం. మా గ్యారేజీలో ఆ పనంతా నాదే.

నేర్పింది ఒక పఠాన్ ఉస్తాద్. పానా ముట్టుకోకముందే "ఫ్యూజు తీశావా?" అని అడిగేవాడు. రెండో ఏడు ఒకరోజు తీయలేదు. మెట్టును మోసే మడత కడ్డీని ఆర్మ్ అంటాం. నా చెయ్యి ఆ ఆర్మ్ సందులో ఉండగా ఎవరో పైన తలుపు తీశారు. మెట్టు కదిలింది. ఎడమచేతి నడిమి వేలి గోరు ఇప్పటికీ వంకరగానే పెరుగుతుంది. అవ్వకు చెప్పలేదు. చాలా రోజులు వీడియో కాల్‌లో ఆ చెయ్యి కిందికే పెట్టుకున్నాను.

2024 ఫిబ్రవరిలో మేడారం జాతర కోసం నెల సెలవు మీద వచ్చాను. అక్కాబావలది హన్మకొండ. మోకాళ్ల నొప్పులతో అత్త బండి ఎక్కలేకపోతోందని బావ తన ఎస్‌యూవీకి ఈ మెట్లు వేయించాడు. జాతరకు పోయొచ్చాక ఎడమవైపుది సగం వరకే వచ్చి వెనక్కి పోతోంది. చూపిస్తే రెండు వైపులా మోటార్లు మార్చాలన్నారట.

"బామ్మర్దీ, నువ్వు చేసే పనే కద, ఒక్కసారి చూడు" అన్నాడు బావ.

శబ్దం విన్నాను. సగం దూరం వచ్చి వెనక్కి తిరుగుతోందంటే మోటారుకు ప్రాణం ఉన్నట్టే. లోడు పెరిగి కరెంటు ఎక్కువ లాగితే, మధ్యలో కాలో చెయ్యో ఇరుక్కుందనుకుని, మోటారును నడిపే కంట్రోలర్ మెట్టును వెనక్కి తిప్పుతుంది. అది మనుషుల కోసం పెట్టిన జాగ్రత్త. అసలు చూడాల్సింది ఆ లోడు ఎక్కడిదని.

ఫ్యూజు తీసి, మోటారు విప్పి, మెట్టును చేత్తో లాగాను. ముందు ఆర్మ్ హాయిగా తిరిగింది, వెనకది బిగుసుకుపోయింది. కీలు పిన్నుల చుట్టూ తాడ్వాయి దారి ఎర్రదుమ్ము, నీళ్లు తగిలి సిమెంటులా గట్టిపడింది. షార్జాలో సన్నటి ఇసుక చేసే పనే ఇక్కడ మన ఎర్రమట్టి చేసింది. నీళ్లు కొట్టి, పాత టూత్ బ్రష్‌తో తోమి, ఆరాక సిలికాన్ స్ప్రే వేశాను. బావ గ్రీజు డబ్బా తెచ్చాడు, వద్దన్నాను. గ్రీజుకు దుమ్ము అంటుకుంటుంది, నెల తిరక్కముందే మళ్లీ ఇదే కథ.

తర్వాత అలైన్‌మెంట్. రెండు ఆర్మ్‌లు ఒకదానికొకటి సమానంగా లేకపోతే మెట్టు మెలిపడి ఒరుసుకుంటుంది. బిగువు మీద ఇన్నాళ్లు నడిచి ఇది అలాగే పక్కకు జరిగింది. చాలామంది ఇక్కడ బోల్టులు గట్టిగా బిగించి, సుత్తితో కొట్టి సరిచేయాలని చూస్తారు. అది తప్పు. మెట్టును ఆర్మ్‌లకు పట్టి ఉంచే బోల్టులు కొంచెం వదులు చేసి, చేత్తో నాలుగైదుసార్లు లాగి తోస్తే మెట్టే తన చోటు వెతుక్కుంటుంది. అప్పుడు బిగించాలి. ముందూ వెనకా బాడీకి సందు సమానంగా ఉందా అని వేళ్లు పెట్టి చూశాను. వెనకవైపు ఒక నూలు తేడా ఉంటే మళ్లీ వదులు చేసి కూర్చోబెట్టాను.

అక్కడ రిపేరైన బండిని డ్రైవర్ వచ్చి తీసుకుపోతాడు. ఇన్నేళ్లలో నేను సరిచేసిన మెట్టు మీద ఎవరు కాలు పెడతారో ఒక్కసారి కూడా చూడలేదు.

సాయంత్రం బావ తలుపు తీశాడు. మెట్టు చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. అత్త కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని కుడికాలు పెట్టింది, ఒక్క క్షణం ఆగి, బరువంతా వేసి ఎక్కి కూర్చుంది.

"కదులుతలేదు బిడ్డా" అంది.

కుడివైపుది బాగానే పనిచేస్తోంది కానీ దుమ్ము దానికీ పట్టింది. రేపు పొద్దున్నే విప్పుతాను. సెలవు ఇంకా తొమ్మిది రోజులుంది.