ఎస్ఎస్ పైపులో ఫ్రిక్షన్ డ్రిల్లింగ్: నా అనుభవం

2 మి.మీ. మందం ఉన్న 304 గ్రేడ్ ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) చదరపు పైపుకు ఎం8 (8 మి.మీ.) బోల్టు పట్టించాలి. నేరుగా ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) కొడితే 1.25 మి.మీ. పిచ్‌కి, అంటే మరకీ మరకీ మధ్య దూరానికి, ఒకటిన్నర మరలకు మించి రావు, బిగించగానే థ్రెడ్ పోతుంది. చిల్లులో పెట్టి నొక్కి బిగించే రివెట్ నట్ వేస్తే కొన్నాళ్లకు వదులై బోల్టుతో పాటే గిర్రున తిరుగుతుంది, ఇక దాన్ని ఊడదీయడం నరకం. వెల్డ్ నట్ గట్టిదే గానీ పైపు లోపలికి చెయ్యి పోదు. అందుకే ఇలాంటి జాబ్ వస్తే నేను ఫ్రిక్షన్ డ్రిల్లింగే చేస్తాను, అంటే కోయకుండా రాపిడి వేడితో లోహాన్ని మెత్తబరచి చిల్లు పెట్టడం. మన షాపుల్లో ఫ్లో డ్రిల్ అని కూడా అంటారు.

టూల్‌ని దగ్గరగా చూస్తే డ్రిల్ బిట్ పోలికే ఉండదు. కోసే అంచు లేదు, ఫ్లూట్ (మెలి తిరిగిన గాడి) లేదు. అదొక టంగ్‌స్టన్ కార్బైడ్ కడ్డీ. కొసన చిన్న మొన, తర్వాత కోన్, దాని పైన సమాన వ్యాసం ఉన్న ఒళ్లు, ఆ పైన వెడల్పాటి కాలర్, చివర మెషీన్‌లో బిగించే షాంక్. వేలితో తడిమితే కోన్ పూర్తి గుండ్రంగా ఉండదు, లీలగా పలకలు తగులుతాయి. రాపిడి పుట్టేది ఆ పలకల దగ్గరే. టూల్ 650 నుంచి 750 డిగ్రీల దాకా, జాబ్ 600 డిగ్రీల దాకా వేడెక్కుతాయి. మెత్తబడ్డ లోహం, గారె మధ్యలో వేలు గుచ్చితే పిండి జరిగినట్టు, పక్కకు జరుగుతుంది. కొంత పైకి లేచి రింగులా నిలుస్తుంది, ఎక్కువ భాగం కిందికి దిగి బుష్ (చిన్న గొట్టం లాంటి అంచు) అవుతుంది. 2 మి.మీ. గోడ దగ్గర 6 మి.మీ. దాకా పొడవు దొరుకుతుంది, అంటే నాలుగు మరలకు పైనే. చిప్ అన్నదే రాదు. ఆలోచన కొత్తది కాదు, 1923లోనే ఫ్రాన్సులో జాన్ క్లాడ్ ద వాలియేర్ ప్రయత్నించాడు. అంత వేడికి ఆగే టూల్ అప్పట్లో లేక అది ముందుకు సాగలేదు.

మెషీన్ విషయంలో రాజీ పడకూడదు. ఎం8కి కనీసం 2 హెచ్‌పీ మోటారు కావాలి. అర హెచ్‌పీ బెంచ్ డ్రిల్ మీద పెడితే కోన్ సగం దిగేసరికి బెల్టు జారుతుంది, టూల్ లోహంలో ఇరుక్కుంటుంది, మొన విరుగుతుంది. మూడు దవడల చక్‌లో కూడా బిగించొద్దు. షాంక్ నుంచి వేడి నేరుగా స్పిండిల్ బేరింగ్‌కి ఎక్కుతుంది, పైగా అందులో రనౌట్ (తిరిగేటప్పుడు పక్కకు ఊగడం) ఎక్కువ. అల్యూమినియం రెక్కల కూలింగ్ డిస్క్ ఉన్న కాలెట్ హోల్డర్ వాడాలి. డయల్ పెట్టి చూస్తే రనౌట్ 0.02 మి.మీ. లోపు ఉండాలి. కార్బైడ్ వేడిని తట్టుకుంటుంది గానీ పక్క ఊపును తట్టుకోదు.

స్పీడ్ సంగతికొస్తే, ఎం8 టూల్‌ని ఎంఎస్‌లో (మైల్డ్ స్టీల్‌లో) 2400 ఆర్‌పీఎం దగ్గర తిప్పితే, 304లో నేను 2000 దగ్గర ఉంచుతాను. మైల్డ్ స్టీల్ ఉష్ణవాహకత మీటరుకు డిగ్రీకి దాదాపు 50 వాట్లు, 304ది 16 మాత్రమే. పుట్టిన వేడి పైపులోకి పాకిపోదు, టూల్ మొన చుట్టూనే నిలిచిపోతుంది. ఎంఎస్ స్పీడే పెడితే నాలుగైదు చిల్లులకే టూల్ నారింజ రంగుకు వస్తుంది.

చిల్లు పెట్టే ముందు పైపు సీమ్ (వెల్డ్ అతుకు) ఏ ముఖం మీద ఉందో చూసుకుని ఆ ముఖం వదిలేయాలి. సీమ్ మీద పడితే బుష్ ఒక పక్క చీలుతుంది. ముందుగా చిన్న పైలట్ హోల్ పెట్టాలా అన్నది గోడ వంగడాన్ని బట్టి చెప్పాలి. పెద్ద పైపు మధ్యలో అయితే కోబాల్ట్ బిట్‌తో 2.5 మి.మీ. పైలట్ పెడతాను, కిందికి నొక్కే బలం బాగా తగ్గుతుంది. 304 మీద సెంటర్ పంచ్ గట్టిగా కొట్టకండి. దెబ్బ తిన్న చోట లోహం గట్టిపడి పైలట్ బిట్టే జారుతుంది.

చల్లని టూల్‌తో నేరుగా ఎస్ఎస్ మీదికి పోను. ముందు ఎంఎస్ ముక్క మీద ఒకటి రెండు చిల్లులు పెట్టి, టూల్ మసక ఎరుపుకు వచ్చాక జాబ్ మీదికి తెస్తాను. ఎంఎస్‌లో అయితే కొన్ని చిల్లులకు ఒకసారి టూల్‌కి ఫ్లో డ్రిల్ పేస్టు పూస్తే చాలు. ఎస్ఎస్‌లో ప్రతి చిల్లుకీ కోన్ మీద కాస్త పూయాలి. మామూలు గ్రీజు పూస్తే అంటుకుని పొగ తప్ప ఉపయోగం ఉండదు.

అసలు పని రెండు నుంచి ఆరు సెకన్లది. మొదట గట్టిగానే నొక్కాలి. మెల్లగా ఆనిస్తే వేడి పుట్టదు, మొన ఊరికే రుద్దుకుంటూ 304ని గట్టిపరుస్తుంది. చుట్టూ ఎర్రని వలయం కనబడగానే లివర్ బరువు తగ్గినట్టు చేతికి తెలుస్తుంది. కొత్తవాళ్లు అక్కడ చెయ్యి నెమ్మది చేస్తారు. చేయకూడదు. లోహం మెత్తగా ఉన్నప్పుడే ఒళ్లు మొత్తం దాటించేయాలి, కాలర్ పైనున్న రింగును నొక్కిన వెంటనే ఆపకుండా టూల్ పైకి లాగేయాలి. అడుగున అర సెకను ఆగినా చల్లబడే లోహం టూల్‌ని పట్టేస్తుంది, ఒంటికి స్టెయిన్‌లెస్ పొరలా అంటుకుంటుంది. ఆ పొరతో తర్వాతి చిల్లు పెడితే లోపల గీతలు పడతాయి.

టూల్ మసక ఎరుపులో ఉంటే మంచిదే. నారింజ దాటితే పక్కన పెట్టి గాలికి వదిలేయాలి. నీళ్లు, కూలెంట్, ఎయిర్ గన్ ఏవీ వద్దు, కార్బైడ్ నెర్రెలు బారుతుంది. స్పిండిల్ తిరిగే చోట గ్లవ్స్ వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. వేడి పేస్టు చిందుతుంది.

థ్రెడ్‌కి కట్టింగ్ ట్యాప్ పెడితే చేసిందంతా వృథా. లోహాన్ని కోయకుండా నొక్కి మరలు తీర్చే, ఫ్లూట్ లేని ఫార్మ్ ట్యాపే వాడాలి. కట్టింగ్ ట్యాప్‌కి ఎం8కి 6.8 చిల్లు కావాలి, ఫార్మ్ ట్యాప్‌కి 7.3 లేదా 7.4. ఎస్ఎస్‌కి నేను 7.4 టూలే ఎంచుకుంటాను. 304 ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి 500 డిగ్రీలు చల్లారేసరికి చిల్లు దాదాపు 0.06 మి.మీ. ముడుచుకుంటుంది. ఎంఎస్‌లో ఇది ఇంకా తక్కువ. 7.3తో పెట్టి చల్లారాక ట్యాప్ దించితే టార్క్ పెరిగి ట్యాప్ విరిగే ప్రమాదం ఉంది. వేడి మీద ప్లగ్ గేజ్‌తో (చిల్లు సైజు చూసే కడ్డీతో) కొలిచి ఓకే అనేయకండి. చెయ్యి ఆనేంత చల్లారాక, క్లోరిన్ లేని చిక్కటి ఫార్మింగ్ ఆయిల్ వేసి ట్యాప్ చేయాలి. బిగించేటప్పుడు ఎస్ఎస్ బోల్టుకు యాంటీ సీజ్ పేస్టు పూయకపోతే ఎస్ఎస్ థ్రెడ్‌లో అతుక్కుపోతుంది, బోల్టు కోయడం తప్ప దారుండదు.

చిల్లు చుట్టూ గడ్డిరంగు, నీలం వలయాలు వస్తాయి. చాలామంది బఫ్ కొట్టి వదిలేస్తారు. పైకి మెరుస్తుంది గానీ కింద క్రోమియం తగ్గిన పొర అలాగే ఉంటుంది. విశాఖలాంటి సముద్రపు గాలి చోట తుప్పు మచ్చ మొదట లేచేది అక్కడే. ఆ పొరను కరిగించే యాసిడ్ పేస్టు, అంటే పిక్లింగ్ పేస్టు పూసి, నీళ్లతో బాగా కడగాలి. అందులో హైడ్రోఫ్లోరిక్ యాసిడ్ ఉంటుంది, రబ్బరు గ్లవ్స్ ఇక్కడ మాత్రం వేసుకోవాల్సిందే. పైపు లోపలి ముఖానికి పేస్టు అందదు కాబట్టి నీరు నిలిచే చోట ఈ పద్ధతినే నేను ఒప్పుకోను.

ప్రత్యేక లోహాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ మిధాని ఉన్న ఊరు కనుక హైదరాబాద్ షాపుల్లో టైటానియం మాట తరచు వస్తుంది. గ్రేడ్ 5 టైటానియం వాహకత 7 వాట్ల దగ్గరే, 304లో సగం కూడా లేదు. వేడంతా టూల్ మీదే పడుతుంది, వేడి టైటానియం కార్బైడ్‌కి అంటుకుంటుంది. 600 డిగ్రీలు దాటాక గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని పైన పెళుసు పొర కడుతుంది, బుష్ అంచు రేకుల్లా చీలడానికి అదొక కారణం. స్పీడ్ ఇంకా తగ్గించి, ఆర్గాన్ ఊదుతూ చేస్తే చిల్లు వస్తుంది. అయినా ఊపు, పదే పదే మారే భారం పడే భాగానికి నేను చేయను.

నికెల్ మిశ్రలోహం ఇన్‌కొనెల్ 718ది వేరే ఇబ్బంది. 650 డిగ్రీల దాకా బలం పెద్దగా తగ్గకుండా ఉండాలనే దాన్ని తయారుచేశారు. స్టీలు లొంగే వేడికి అది లొంగదు, ఇంకా వేడి చేస్తే ముందు టూల్‌లో కార్బైడ్ రేణువుల్ని పట్టి ఉంచే కోబాల్ట్ మెత్తబడుతుంది. ఆ జాబ్ వస్తే మిల్లింగ్ మెషీన్ మీద మరలు కోసే థ్రెడ్ మిల్ కట్టర్‌తో చేయించుకోమనే చెబుతాను.