చీకట్లో వేలు కనిపించదు

రోహిణీ కార్తెలో పిల్లవాణ్ణి గుంటూరు తీసుకురావద్దని అమ్మ ఏటా చెబుతూనే ఉంటుంది. డాలస్ పక్కన ప్లానోలో మా వాడి బడికి సెలవులిచ్చేది అప్పుడే కాబట్టి, రోళ్లు పగిలే ఎండలని తెలిసినా మేము వచ్చేదీ అప్పుడే. ఈసారి వచ్చిన మూడో రోజు రాత్రి, సాయంత్రపు గాలిదుమారానికి తీగల మీద ఎక్కడో కొమ్మ విరిగిపడి, బ్రాడీపేటలో మా లైనంతా కరెంటు పోయింది. ఇన్వర్టరు బ్యాటరీ పాతదవడంతో పది నిమిషాలు కీచుమని అదీ ఆగిపోయింది. అప్పుడు ఎనిమిదిన్నర, అంటే డాలస్‌లో ఉదయం పది. నా ఆఫీసు మీటింగు మొదలయ్యే వేళ. వాణ్ణి అమ్మకు అప్పగించి డాబా మీదికి పంపి, ఫోను డేటాతో కింద కుస్తీ పట్టాను.

మా వాడికి ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా అక్కడి తెలుగు బడి ‘మనబడి’కి వెళ్తున్నాడు, గుణింతాలూ ఒత్తులూ తప్పు లేకుండా రాస్తాడు. ‘తెలుగు అర్థమవుతుంది కానీ మాట్లాడడు’ అని అడిగినవారందరికీ చెబుతూ వచ్చాను; ప్రవాసంలో మేమంతా ఒకరికొకరం చెప్పుకునే ఊరట మాట అది. అమ్మ ముప్పై ఏళ్లు తెలుగు మీడియంలో సైన్సు చెప్పింది, ఇంగ్లీషు చదువుతుంది, కానీ వాడి యాస ఆవిడ చెవికి అందదు. అందుకని ఇద్దరి మధ్య ఎప్పుడూ నేనే దుబాసీని.

అరగంట తరువాత మీటింగు మధ్యలోనే తెగిపోతే మెట్లెక్కాను. అమ్మ గచ్చు మీద నీళ్లు చల్లి నవారు మంచం వాల్చింది. పాత చీర అంచుతో చుట్టూ కుట్టిన తాటాకు విసనకర్ర ఆడుతున్న చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదు.

“అది ఇవ్వు, అమ్మమ్మా.”

“ఏది?”

“అది. అక్కడ.”

“చీకట్లో అక్కడంటే ఎక్కడరా, నాన్నా?”

వాడు వేలు చూపిస్తూనే ఉండి ఉంటాడు. నేను అందుకుని మంచినీళ్లనబోతే, “నువ్వాగవే, వాణ్ణి చెప్పనీ,” అంది అమ్మ. కాసేపటికి, “చెంబు. మంచం... కింద,” అన్నాడు. ఇంట్లో వాడు అర్థం చేసుకునేదాంట్లో సగం మా ముఖాలనూ చేతులనూ చూసేనని నాకు అప్పుడు తట్టింది. చీకటి ఆ సగాన్నీ తీసేసుకుంది. నేను పై మెట్టు మీదే కూర్చుండిపోయాను.

ఉత్తరం వైపు తిరగమంది అమ్మ. “ఉత్తరం అంటే లెటర్ కదా?” అన్నాడు వాడు. మనబడి పుస్తకం చెప్పిన అర్థం అదే మరి. అమ్మ నవ్వి, సూర్యుడు పొద్దున వచ్చిన వైపు కుడిచెయ్యి చాచి నిలబడితే ముఖం ఎదుట ఉన్నది ఉత్తరమని తేల్చింది. వాడు అమెరికాలో నేర్చిన ‘బిగ్ డిప్పర్’ అక్కడ గరిటెలా వేలాడుతోంది. సప్తర్షుల పేర్లు వరుసగా చెప్పి, గరిటె కాడలో నడిమి చుక్క వశిష్ఠుడని, ఆయన్ను ఆనుకుని అరుంధతి ఉంటుందని, శుక్లాలు తీయించుకున్నా తనకు రెండూ ఒక్కటిగానే కనిపిస్తున్నాయని, ఉందో లేదో వాడే చూసి చెప్పాలని అంది. (నా పెళ్లిలో పగలు పదకొండు గంటలకు పురోహితుడు చూపిస్తే కనిపించిందని తలూపిన దాన్ని నేను.) వాడు చాలాసేపు చూశాడు. “చిన్నది ఉంది. పక్కన. కొంచెం... పైన.” అమ్మ దాన్ని నాలుగుసార్లు చెప్పించుకుంది, వినపడక కాదు.

తరువాత గరిటె ముందంచున ఉన్న రెండు చుక్కలు, పులహుణ్ణీ క్రతువునూ కలుపుతూ గీత సాగదీయించి ధ్రువనక్షత్రాన్ని పట్టించింది. కొబ్బరి మట్టకు కొంచెం పైన, మసగ్గా ఉన్నాడు. మా ఇంటి దగ్గర ఇంకా పైన ఉంటాడంటూ వాడు ఒప్పుకోలేదు. టీచరు ఉద్యోగం వదిలి పదేళ్లయినా అమ్మ గొంతులోకి తరగతి గది వచ్చేసింది: ధ్రువుడు నేల నుంచి ఎన్ని డిగ్రీల ఎత్తులో ఉంటే ఆ ఊరి అక్షాంశం అంత, గుంటూరుకు 16, మీ ఊరికి 33, చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. పిడికిలి అనే మాట వాడికి కొత్త. అమ్మ వాడి వేళ్లు పట్టుకుని మూయించి, ఒకదాని మీద ఒకటి పేర్చి కొలిపించింది. ఒకటిన్నర దాటింది.

పదిన్నరకు కరెంటు వచ్చింది. అప్పటికి వాడు నిద్రపోయాడు.

ప్లానో చేరిన వారానికి, రాత్రి పదిన్నరకు వాడు పెరట్లో నిలబడి నా ఫోనులో అమ్మకు కాల్ చేశాడు. అక్కడ ఉదయం తొమ్మిది, అమ్మ పప్పులో పోపు వేస్తోంది. చీకట్లో వాడి ముఖం తెర మీద నల్లగా ఉంది. లోపలికి పోయి దీపం దగ్గర మాట్లాడమన్నాను, వినలేదు.

“అమ్మమ్మా, మూడు పిడికిళ్లు. ఇంకా కొంచెం.”

“కొంచెమంటే ఎంత?” అంది అమ్మ, పొయ్యి కట్టేస్తూ.