హాఫ్ డోమ్ ఎక్కి, ఇనుప తీగల వెంట దిగిన రోజు

జులైలో ఒక తెల్లవారుజామున మూడు గంటలకు, కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో, హ్యాపీ ఐల్స్ దగ్గర మా నడక మొదలైంది. నాతో వచ్చిన స్నేహితుడు నాకంటే ఆరేళ్ళు చిన్నవాడు. నన్ను అన్నా అనే పిలుస్తాడు. ఇద్దరమూ తాడు కట్టుకోవడం నేర్చుకున్నది భువనగిరి కోట ఉన్న ఏకశిల మీద. 2014లో పదమూడేళ్ళ వయసుకే ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ తొలి శిక్షణ పొందింది కూడా అక్కడే. నున్నటి రాతిని బూటు రబ్బరుతోనే నమ్మి నిలబడే అలవాటు ఆ కొండ ఇచ్చింది కనుకనే, యోసెమిటీలో గుమ్మటంలా నిలిచిన రాతి శిఖరం హాఫ్ డోమ్ నైరుతి ముఖం మీది ‘స్నేక్ డైక్’ దారిని ఎంచుకున్నాము.

వెర్నల్, నెవాడా జలపాతాల పక్క మెట్లు ఎక్కి, లిబర్టీ క్యాప్ వెనక లాస్ట్ లేక్ అంచున నడిచి, పొదల్లో దారి వెతుక్కుంటూ రాతి పాదానికి చేరేసరికి బాగా పొద్దెక్కింది.

ఈ దారికి పేరు తెచ్చినది ఒక రాతి గీత. సుమారు తొమ్మిది కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్ జాతి రాతిలో ఏర్పడిన పగులులోకి కరిగిన శిల చొరబడి గట్టిపడింది. చుట్టూ ఉన్న రాయి అరిగిపోగా, గట్టిదైన ఈ గీత మాత్రం ఉబ్బెత్తుగా మిగిలి, పాము పాకినట్లు మెలికలు తిరుగుతూ పైకి సాగుతుంది. దాని మీద కాలికీ చేతికీ పట్టు బాగానే దొరుకుతుంది. 1965లో ఎరిక్ బెక్, జిమ్ బ్రిడ్వెల్, క్రిస్ ఫ్రెడరిక్స్ దీనిని తొలిసారి ఎక్కినప్పుడు, పడిపోతే తాడు ఆపేందుకు రాతిలో దిగగొట్టే బోల్టులు చాలా కొద్దిగానే కొట్టారు. తరువాత వచ్చే సామాన్య అధిరోహకులకు ఇది ప్రాణాంతకమవుతుందని గ్రహించి, మరికొన్ని బోల్టులు కొట్టడానికి మరో అధిరోహకుడు స్టీవ్ రోపర్‌కు వారు అనుమతినిచ్చారు. తమ సాహసం ఘనత కాస్త తగ్గినా పరవాలేదనుకున్న ఆ ముగ్గురి పట్ల నాకున్న గౌరవం, అక్కడ తాడు పట్టుకుని నిలబడ్డాక రెట్టింపయింది.

అయినా బోల్టులు ఇప్పటికీ దూరం దూరంగానే ఉంటాయి. రాతి దారుల కష్టాన్ని కొలిచే అమెరికా కొలమానంలో ఈ దారి 5.7 మాత్రమే, అంటే కొంత అనుభవం ఉన్నవారికి సులువే. అపాయమంతా బోల్టుల మధ్య దూరంలో ఉంది. ఆఖరి బోల్టుకు అరవై అడుగుల పైన కాలు జారితే, ఆ అరవై అడుగులూ పడి, బోల్టు దాటి మరో అరవై పడి, తాడు సాగినంత మేర ఇంకా కిందికి పోవలసి ఉంటుంది. అందుకే కింద ఉండగానే రెండు విషయాలు తేల్చుకున్నాము. మొదటి మూడు పిచ్‌లలో (ఒక తాడు పొడవులో ఎక్కే భాగమే పిచ్) ఎవరికి మనసు ఒప్పకపోయినా ఇద్దరమూ వెనుదిరగాలి. గాలిలో మాట వినబడకపోతే తాడును మూడుసార్లు గట్టిగా లాగడమే ‘నేను యాంకర్‌కు (పిచ్ చివర ఆగేచోట రాతికి ఉన్న గట్టి ఆధారానికి) కట్టుకున్నాను’ అనే సంకేతం.

ఆ మూడు పిచ్‌లే అసలు పరీక్ష. అక్కడ గీత ఇంకా అందదు. నున్నటి పలక మీద అడ్డంగా జరగాలి. అలా జరిగేచోట వెనక వచ్చేవాడు జారినా లోలకంలా పక్కకు ఊగిపోతాడు కాబట్టి, ముందు ఎక్కేవాడితో సమానంగా అతనికీ నిబ్బరం ఉండాలి. మూడో పిచ్‌లో గీత మీదికి అడుగు వేయబోతుండగా నా కుడి మడమ వణకడం మొదలుపెట్టింది. మడమను కాస్త దించి, అరికాలి రబ్బరంతా రాతికి ఆనించి, మూడు ఊపిరులు తీసుకున్నాక వణుకు తగ్గింది. గీత అందిన తరువాత మిగిలిన ఐదు పిచ్‌లూ ఎంతో సంతోషంగా సాగాయి. “అన్నా, ఇంక పది అడుగుల తాడే మిగిలింది” అని కింది నుంచి వాడు కేకవేసే సమయానికి ప్రతిసారీ రెండు బోల్టుల యాంకర్ కళ్ళ ముందే ఉండేది. పిచ్‌లు అయిపోయాక శిఖరం దాకా వాలు పలకలే. పిక్కలు మండిపోతున్నా, అక్కడ రాక్ షూస్ విప్పుతానన్న తమ్ముడిని నేను విప్పనివ్వలేదు.

8,839 అడుగుల శిఖరం మీద పదిహేను నిమిషాలే ఉన్నాము, ఎందుకంటే తూర్పున మేఘాలు గోపురాల్లా లేస్తున్నాయి. 1985లో ఇదే శిఖరం మీద పిడుగుపాటుకు ఇద్దరు మరణించారు.

దిగే దారికి మరో చరిత్ర ఉంది. ఈ శిఖరాన్ని మనిషి ఎన్నటికీ ఎక్కలేడని పెద్దలు తీర్మానించిన కాలంలో, 1875లో, జార్జ్ ఆండర్సన్ రాతికి రంధ్రాలు తొలిచి ఇనుప కొక్కేలు దిగగొడుతూ, ఒకదాని మీద నిలబడి మరొకటి కొడుతూ పైకి చేరాడు. 1919లో ప్రకృతి పరిరక్షణ సంఘమైన సియెర్రా క్లబ్ ఇంచుమించు అదే వరుసలో ఇనుప తీగలు బిగించింది. సుమారు 400 అడుగుల ఈ వాలు, లెక్కలేనన్ని పాదాలు తొక్కగా అద్దంలా నునుపెక్కింది. తడిస్తే దాని మీద బూటు నిలవదు. హార్నెస్ (నడుముకు, తొడలకు బిగించే పట్టీలు) విప్పకుండానే, నడుముకు రెండు స్లింగులు (గట్టి పట్టీ ముక్కలు) కట్టి, రెండింటి క్యారబీనర్లనూ (మూసుకునే లోహపు కొక్కేలను) తీగకు తగిలించాము. తీగను మోసే స్తంభం వచ్చిన ప్రతిచోటా ఒకటి తీసి స్తంభానికి అవతల తగిలించిన తరువాతే రెండోది తీయాలి. ఏ క్షణంలోనూ మనిషి తీగ నుంచి పూర్తిగా విడిపోకూడదు. ముఖం రాతి వైపు పెట్టి వెనక్కి అడుగులు వేస్తూ, ఎక్కివచ్చేవారికి దారి ఇస్తూ దిగడానికి ముప్పావు గంట పట్టింది. అలసిన శరీరం తొందరపెడుతుంది. అందుకే ప్రతి మార్పునూ ఒకరికొకరం పైకి చెప్పుకుంటూ చేశాము.

తీగల పాదం దగ్గర మా మాటలు విని, వరుసలో నిలబడి ఉన్న ఒక పెద్దాయన, “పైకి వెళ్ళవచ్చంటారా బాబూ?” అని తెలుగులో అడిగారు. పక్కన ఆయన కూతురు ఉంది. నేను మేఘాలను చూపించి, “ఈ రోజు వద్దండీ, రాయి తడిస్తే మధ్యలో ఇరుక్కుపోతారు” అన్నాను. ఆయన శిఖరం వైపు చాలాసేపు చూసి, చేతి తొడుగులు తీసి సంచిలో పెట్టుకున్నారు. నలుగురమూ కలిసి, తీగల దిగువన ఉన్న చిన్న రాతి గుట్ట సబ్‌డోమ్ మెట్లు దిగి అడవిలోకి వచ్చేసరికి మొదటి ఉరుము వినబడింది.