మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నారు?
మా చెల్లెలికి ఐదో నెల. ఐరన్ మాత్రలు మానకపోయినా హిమోగ్లోబిన్ 9 దాటడం లేదు. గర్భిణికి కనీసం 11 ఉండాలి. మా బస్తీ దవాఖానాలో డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న: "మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావమ్మా?"

పొద్దున, చాయ్ తాగగానే. కాల్షియం మాత్ర కూడా అప్పుడే.

చాయ్‌లో ఉండే టానిన్లనే పదార్థాలు, కాల్షియం రెండూ ఇనుము ఒంటికి పట్టకుండా అడ్డుపడతాయట. వాటికి రెండు గంటల ఎడం ఉంచి, ఐరన్ మాత్రను నిమ్మరసంతో వేసుకోమన్నారు. మలం నల్లబడితే భయపడి మానేయొద్దనీ చెప్పారు.

చాయ్ మానమనలేదు, హైదరాబాద్‌లో అది జరిగే పనీ కాదు. ఇంత ఓపికగా చెప్పే డాక్టరంటే నాకు ఎంతో గౌరవం. మీ ఇంట్లో గర్భిణులుంటే, మాత్ర వేళ ఈ రోజే అడగండి.