చేప చావలేదు కాబట్టి నీళ్లు బాగున్నట్టేనా?

నీళ్లలో మనం వేసుకునే మందులు కలిశాయనగానే అందరి కళ్లూ పొట్ట పైకి పెట్టి తేలిన చేపల కోసం వెతుకుతాయి. అవి కనబడకపోతే ఫైలు మూసేస్తారు. నిజానికి నదుల్లో సాధారణంగా దొరికే మోతాదుల్లో మందులు చేపను చంపడం అరుదు. చేప బతికే ఉంటుంది, మేత తింటుంది, కానీ పిల్లలు పుట్టవు. లేదా శత్రువును చూసినా దాక్కోదు.

గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ సంగతే చూడండి. కెనడాలోని ఒంటారియోలో ప్రయోగాల కోసమే కేటాయించిన సరస్సుల్లో ఒకదానికి 2001 నుంచి మూడు వేసవులు ఈ హార్మోను కలిపారు. గాఢత లీటరుకు 5, 6 నానోగ్రాములు. అదెంతో ఊహకు అందాలంటే, కిలోమీటరు పొడవు, పావు కిలోమీటరు వెడల్పు, 4 మీటర్ల లోతు ఉన్న చెరువు మొత్తానికి 5 గ్రాములు, అంటే ఒక చెంచాడు. ఫాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప ఆ సరస్సులో దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పెద్ద చేపలు విషం తిని చచ్చిపడలేదు. కొత్త తరం రావడం ఆగిపోయింది, అంతే. ఈ మిన్నోలను తిని బతికే లేక్ ట్రౌట్‌కు మేత కరువైంది. హార్మోను కలపడం ఆపాక కొన్నేళ్లకు మిన్నోలు తిరిగి పెరిగాయి.

లోపల జరిగేది ఇది. గుడ్డులోని పచ్చసొనకు ముడిసరుకు విటెల్లోజెనిన్ అనే ప్రోటీన్. దాన్ని తయారుచేసే జన్యువు మగచేప కాలేయంలోనూ ఉంటుంది, కాకపోతే ఆడ హార్మోను ఈస్ట్రోజన్ చాలక నిద్రపోతుంటుంది. బయటి హార్మోను దాన్ని తట్టి లేపుతుంది. ఆడచేపలో ఈ ప్రోటీన్ గుడ్లలోకి చేరుతుంది. మగచేపకు గుడ్లు ఎక్కడివి? రక్తంలో పేరుకుపోతుంది, మోతాదు బాగా ఎక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఇదే కొనసాగితే వృషణంలో అండకణాలు కనిపిస్తాయి.

మన శరీరం ఈ హార్మోనుకు గ్లూకురోనిక్ ఆమ్లం తగిలించి, పని చేయకుండా చేసే బయటికి పంపుతుంది. మురుగుకాలువలోని బ్యాక్టీరియా ఆ తగిలింపును కత్తిరించేస్తుంది. మందు మళ్లీ అసలు రూపంలోకి వచ్చేస్తుంది. అందుకే శుద్ధి కేంద్రంలోకి వచ్చే నీటిలో అసలు రూపాన్ని మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది.

ఆందోళన తగ్గించే ఆక్సాజెపామ్‌ది ఇంకో తీరు. 2013లో స్వీడన్ పరిశోధకులు లీటరుకు 1.8 మైక్రోగ్రాముల మోతాదులో పెర్చ్ చేపలను ఉంచితే అవి చురుగ్గా ఈదాయి, త్వరగా తిన్నాయి, గుంపును మాత్రం వదిలేశాయి. మామూలు విషపరీక్షలో ఇలాంటి చేపకు 'ఆరోగ్యం భేష్' అనే రాస్తారు. వేటచేప ఎదురైనప్పుడు తెలుస్తుంది ఆ భేష్ ఏమిటో.

చాలామంది పట్టించుకోనిది నీటి పీహెచ్, అంటే నీరు ఆమ్లమా క్షారమా అని చెప్పే కొలత. కుంగుబాటుకు వాడే ఫ్లూయాక్సెటిన్ బలహీన క్షారం. పీహెచ్ 7 దగ్గర దాదాపు అంతా విద్యుదావేశంతో ఉంటుంది, మొప్పల పొర దాటడం కష్టం. పీహెచ్ 9కి చేరితే ఆవేశం లేని భాగం సుమారు వంద రెట్లవుతుంది. పచ్చగా నాచు పట్టిన నీటిలో మధ్యాహ్నానికి పీహెచ్ అలా పెరగడం మామూలే. పొద్దున్నా మధ్యాహ్నమూ గాఢత ఒకటే ఉన్నా చేపకు అందే మోతాదు ఒకటి కాదు. నొప్పి మందు డైక్లోఫెనాక్ ఆమ్లం కాబట్టి దాని లెక్క తిరగబడుతుంది.

ఇక పరీక్ష. ఒక్కసారి సీసా ముంచి తెచ్చిన నమూనాను నమ్మొద్దు. 24 గంటల పాటు కొద్దికొద్దిగా పట్టి కలిపిన నీరు కావాలి. ముదురు రంగు గాజు సీసాలో పోసి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, వెంటనే ల్యాబ్‌కు చేర్చాలి. రిపోర్టులో 'కనబడలేదు' అని ఉంటే ముందు ఆ యంత్రం ఎంత తక్కువ వరకు చూడగలదో అడగండి. ఇథినైల్ ఈస్ట్రడయాల్‌కు 2012లో యూరప్‌లో ప్రతిపాదించిన హద్దు లీటరుకు 0.035 నానోగ్రాములు. 1 నానోగ్రాము దాకా మాత్రమే చూడగల యంత్రం కనబడలేదంటే దానికి విలువ లేదు.

అంతకంటే మగచేప రక్తంలోని విటెల్లోజెనిన్ నమ్మకమైన సాక్షి. తోక దగ్గరి సిర నుంచి రక్తం గడ్డకట్టనివ్వని హెపారిన్ పూసిన సిరంజితో రక్తం తీయాలి. ప్రోటీన్ విరిగిపోకుండా అప్రోటినిన్ కలపాలి, ఐస్‌లో పెట్టాలి, ప్లాస్మా వేరుచేసి మైనస్ 80 డిగ్రీల దగ్గర దాచాలి. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాట్లు రెండు. ఒక జాతి కోసం చేసిన ఎలైజా కిట్‌ను (యాంటీబాడీతో ప్రోటీన్‌ను పట్టి కొలిచేది) దూరపు జాతికి వాడితే యాంటీబాడీ అతుక్కోక సున్నా వస్తుంది. చిన్న చేపలో ఆడ, మగ తేడాను పైపైన చూసి నిర్ణయిస్తే ఆడచేప రక్తమే 'భయంకరమైన' ఫలితంగా వస్తుంది. కోసి, వృషణాన్ని సూక్ష్మదర్శినిలో చూసి ఖాయం చేసుకోవాలి. ఒక్క ముక్క చూస్తే చాలదు. అండకణాలు అక్కడక్కడా ఉంటాయి కాబట్టి వేర్వేరు చోట్ల కోతలు తీయాలి. మురుగు కలిసే చోటికి ఎగువన పట్టిన చేపలు పోలికకు తప్పనిసరి.

శుద్ధి విషయానికొస్తే, బురదలోని బ్యాక్టీరియాతో మురుగును శుభ్రం చేసే మామూలు పద్ధతి నొప్పి మందు ఐబుప్రొఫెన్‌ను చాలావరకు తినేస్తుంది, మూర్ఛ మందు కార్బమాజెపిన్‌ను దాదాపు ముట్టుకోదు. దానికి ఓజోనో, ఉత్తేజిత బొగ్గో కావాలి. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపిక చేసిన కేంద్రాల్లో వీటిని తప్పనిసరి చేసింది. ఓజోన్ పెట్టేముందు నీటిలో బ్రోమైడ్ అనే లవణం ఎంతుందో చూడాలి. ఎక్కువుంటే అది బ్రోమేట్ అవుతుంది, అదీ హానికరమే. ఓజోన్ తర్వాత ఇసుక వడపోత కూడా ఉండాలి. మందు విరిగిన ముక్కల్లో కొన్నిటిని అక్కడి సూక్ష్మజీవులే తినేస్తాయి. ఖర్చు తగ్గించాలని ముందుగా కొట్టేసేది ఆ ఇసుక పడకనే.