రంగుల పెట్టె తెరిచే ముందు

రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం చివర ఉన్న 'విశ్వాసమూలము కానిది ఏదో అది పాపము' అనే మాట చాలాకాలం నన్ను భయపెట్టింది. నాకు నీటిరంగులతో బొమ్మలు వేయడం ఇష్టం. ఒక కొండనో చెట్టునో గీస్తూ గంటసేపు గడిపి లేచాక, ఆ గంట ప్రార్థనకు చెందవలసింది కదా అనే దిగులు పట్టుకునేది. ఆ దిగులుతో బైబిలు తెరిస్తే ఈ వచనమే తీర్పులా ఎదురయ్యేది. ఇంతగా సందేహించే నాకు అసలు విశ్వాసం ఉందా అని కూడా అనిపించేది.

ఆ అధ్యాయాన్ని మొదటినుంచి చదివినప్పుడు గాని నా పొరపాటు తెలియలేదు. ఆ పత్రిక వ్రాసిన అపొస్తలుడు పౌలు అక్కడ చెబుతున్నది మాంసం తినవచ్చునా, కూరగాయలే తినాలా, ఒక దినాన్ని మరో దినం కంటే గొప్పదిగా ఎంచాలా అనే వివాదాల గురించి. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదనీ, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదనీ హెచ్చరించి, 6వ వచనంలో ఆయన ఇద్దరిలోనూ ఒకే గురుతు చూపిస్తాడు: ఇద్దరూ దేవునికి కృతజ్ఞతలు చెల్లిస్తున్నారు. అలాగైతే నేను బొమ్మ వేయవచ్చునా అని కాక, ఆ బొమ్మను చేతబట్టుకొని 'ప్రభువా, నీకు స్తోత్రం' అనగలనా అని నన్ను నేను అడగాలి.

ఈ ప్రశ్న నన్ను ఓదార్చింది గాని ఊరికే వదిలిపెట్టలేదు. జబ్బుపడిన స్నేహితుణ్ణి చూడడానికి వెళతానని మాట ఇచ్చి, సగంలో ఉన్న బొమ్మను వదలలేక నేను ఆగిపోయిన రోజు ఒకటుంది. ఆనాటి అపరాధ భావం నిజమైనది. అది ఫలానా తప్పును వేలుపెట్టి చూపింది, వెళ్లి క్షమాపణ అడిగితే తీరింది. దేనినీ చూపకుండా ఊరకే కుంగదీసే ఆ పాత దిగులు వేరు. 'నేను దేనిచేతను లోపరచుకొనబడనొల్లను', అంటే దేనికీ లొంగిపోను అని పౌలు కొరింథీయులకు వ్రాసిన మాటను, బొమ్మను వదలలేకపోయిన ఆ రోజుకే ముడిపెట్టి చదువుతాను.

నిర్గమకాండము 31వ అధ్యాయంలో బెసలేలు అనే పనివాణ్ణి దేవుడు తన ఆత్మతో నింపింది బంగారు పనికీ, రత్నాలు చెక్కడానికీ, కొయ్య పనికీ. అతను చేసింది ఇశ్రాయేలీయులు దేవుణ్ణి ఆరాధించిన ప్రత్యక్ష గుడారం కోసం, నా కొండ ఉత్త కొండే. అందుకని ఆ వాక్యం మీద నా బరువంతా మోపను. అయినా చేతి నైపుణ్యాన్ని ఆయన తన వరంగానే ఎంచాడని చదివితే ధైర్యం కలుగుతుంది.

ఇప్పుడు రంగుల పెట్టె తెరిచే ముందు స్తోత్రం చెప్పుకుంటాను. అది నోటికి రాని రోజులూ ఉన్నాయి. ఆ రోజు పెట్టె మూసే ఉంచి, మార్కు సువార్త 9వ అధ్యాయంలో బిడ్డ కోసం యేసు ఎదుట మొరపెట్టిన తండ్రిలాగా, నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సహాయం చేయమని అడుగుతాను.