పక్కింటి కోలం, మా రాతిముగ్గు

బరంపురంలో మా పక్క వాటాలోకి మదురై వాళ్లు దిగాక నాకు పొద్దున్నే లేవడం అలవాటైంది. ఆవిడ వాకిలి కడిగి, తడి ఆరకముందే బియ్యప్పిండితో చుక్కలు పెట్టి, వాటి చుట్టూ గీత తెగకుండా తిప్పుకుంటూ మొదలెట్టిన చోటికే వచ్చేస్తారు, సిక్కు కోలం అంటారట. మన మెలికల ముగ్గే. నేనూ కూర్చున్నా, ఏడు చుక్కలకే దారి తప్పాను. రాతిముగ్గు చవక కదండీ అంటే, "చీమలు తినొద్దా?" అన్నారు. నిజమే, తొమ్మిదయ్యేసరికి ఒక మెలిక మాయం!

మార్గశిర గురువారాల్లో ఎదురింటి ఒడియా మౌసీ బియ్యం నూరిన పిండినీళ్లలో వేళ్లు ముంచి లక్ష్మి పాదాలు వేస్తుంది, అది ఝోటి. మదురై వాళ్ల మార్గళి నెల కూడా కాస్త అటూఇటూగా అప్పుడే కాబట్టి వీధంతా తెల్లగా ఉంటుంది. మా వాకిట్లో మాత్రం రాతిపొడి, చీమ కూడా తొంగిచూడదు.